పల్లమెరుగని నీరు

నీరు పల్లమెరుగునని చెప్పిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయన బతికుండగా ఇంట్లో బాత్రూం టైల్స్ వేయించి ఉండడు. వేయించి ఉంటే ఆ సామెత సగంలోనే ఆగిపోయేది. నిజం సంగతి దేవుడికే వదిలేద్దాం. నీటి సంగతి మాత్రం నన్ను ఏ రచ్చబండ మీద నిలబెట్టినా ప్రమాణం చేసి చెబుతాను. మా ఇంటి నీటికి పల్లం తెలియదు, తూము తెలియదు, తన కోసం ఇంత ఖర్చు పెట్టిన యజమాని మీద గౌరవం అసలే లేదు. తెలిసిందల్లా గుమ్మం. షవర్ ఇలా తిప్పితే చాలు, అటు బయల్దేరుతుంది. కాబట్టి ఈ దిగువ సంతకం చేసిన గృహస్థు తెలుగు పాఠక మహాశయులకు వినయపూర్వకంగా చేసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా:

మాది మునగపాక. అనకాపల్లి నుంచి అచ్యుతాపురం పోయే రోడ్డు మీద ఊరు. ఒక పక్క సెజ్‌కి పోయే బస్సులు, మరో పక్క బెల్లం వండే పాకలు. ఇక్కడి జనానికి నీటి గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. శారద నది పొంగితే ఎవరి పొలం ముందు మునుగుతుందో, ఎవరిది చివర తేలుతుందో బడి పిల్లలు కూడా చెబుతారు. అవతల కొండకర్ల ఆవ ఉంది. చుట్టుపక్కల నీరంతా ఎవరూ పిలవకుండానే అక్కడికి చేరుతుంది, ఏ మేస్త్రీ వాటం పెట్టకుండానే. నేను చెరుకు రైతుని. అర్ధరాత్రి కరెంటు ఇస్తే అర్ధరాత్రే లేచి, పారతో ఒక పెళ్ల మట్టి ఇక్కడ తీసి, అక్కడ అడ్డం వేసి, మడవ తిప్పినవాణ్ని. చీకట్లో గట్టు మీద నిలబడి, చాలు చివరి మొక్కకి నీరు అందిందో లేదో చప్పుడు బట్టి చెప్పగలను. ఎకరాల పొడవున చెప్పినమాట విన్న నీరు, ఆరడుగుల గదిలో నామీద తిరగబడింది. ఇది నా ఒక్కడి పరువుకి సంబంధించిన విషయం కాదు, వ్యవసాయానికే అవమానం.

అసలు మాకు ఈ బాధ ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా నాన్నగారి రోజుల్లో దొడ్లో నూతి పక్కన ఒక పెద్ద నాపరాయి బండ ఉండేది. ఒకవైపు తాటాకు దడి, ఒకవైపు గాబు. చెంబుతో పోసుకున్న నీళ్లు బండ మీంచి జారి, అరటి మొక్కల పాదుల్లోకి, అక్కడ మిగిలితే కంద మొక్కల్లోకి పోయేవి. ఆ బండ కింద వాటర్ ప్రూఫింగ్ లేదు. గ్రౌటు లేదు. దాన్ని వేసినవాడికి రసమట్టం అంటే తెలుసో లేదో కూడా అనుమానమే. అయినా దాని మీద చుక్క నీరు నిలిచిన గుర్తు లేదు. తరవాత ఇల్లు కట్టినప్పుడు ఇంట్లోనే బాత్రూం వచ్చింది. నున్నటి సిమెంటు గచ్చు, గుమ్మానికి నాలుగంగుళాల ఎత్తు గడప. లోపల నీళ్లు ఎటు తిరిగినా గడప దాటి రావడానికి వీల్లేదు. అది ఒక రాజ్యాంగం. దాన్ని సవరించాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, మా ఆవిడ మోకాళ్లు అరిగేవరకు.

డాక్టరు గారు మెట్లు, గడపలు తగ్గించమన్నారు. ఆయన చెప్పింది అంతే. బెంగళూరులో ఉన్న మా చిన్నోడు దాన్ని అందిపుచ్చుకుని, "నాన్నా, వాకిన్ షవర్ పెట్టించేద్దాం" అని ఫోన్లో వీడియోలు పంపడం మొదలుపెట్టాడు. గడప ఉండదట. గది నేల, స్నానం చేసే నేల ఒకే మట్టంలో ఉన్నట్టు కనిపిస్తాయట. మధ్యలో ఒక అద్దం. ఇవతల పొడి, అవతల తడి. నేను చూసి నవ్వాను. ఈ దేశంలో స్నానానికి తొట్టెలోకి ఎక్కి దిగినవాళ్లు ఎంతమంది? మన బాత్రూం మొత్తం తడే. బక్కెట్టు ఎక్కడ పెడితే అక్కడే స్నానం. ఇన్నాళ్లూ మనం ఊరికే చేస్తున్న పనిని అద్దం పెట్టి, జీఎస్టీ కలిపి మనకే అమ్ముతున్నారు.

మా వియ్యంకుడు గారు డాలస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చినవారు. ఈ విషయంలో ఆయన మాట చివరి మాట. "బావగారూ, అక్కడ బాత్రూం నేలకి తూమే ఉండదండీ" అన్నారు. మొదట నమ్మలేదు. కాని నిజమేనట. షవర్ ఉన్న చదరంలో తప్ప మిగతా నేలకి కన్నం ఉండదు. ఇల్లంతా కర్రతో కట్టింది. పాపం ఆయన అలవాటు కొద్దీ చెంబుతో కాళ్లు కడుక్కుంటే, కింద హాల్లో సీలింగు మీద తడి మచ్చ తేలిందట. అల్లుడు గారు ఏమీ అనలేదట. అల్లుడు ఏమీ అనకపోవడం ఎంత ప్రమాదమో ఆయనకి తెలుసు కనక, పక్కింట్లో షవర్ నేల కొత్తగా వేస్తుంటే రోజూ వెళ్లి నిలబడి చూసి వచ్చారట. అక్కడ కర్ర ఇల్లు కాబట్టి భయం ఎక్కువ. ముందు వాలుగా ఒక పొర సిమెంటు, దాని మీద ప్లాస్టిక్ షీటు, ఆ మీద మళ్లీ వాలుగా ఇంకో పొర, ఆపైన టైలు. టైళ్ల సందుల్లోంచి దిగిన నీరు కూడా షీటు మీంచి జారి డ్రెయిన్‌లోకి పోవడానికి డ్రెయిన్ మెడ చుట్టూ చిన్న చిన్న కన్నాలు. అవి సిమెంటుతో పూడిపోకుండా చుట్టూ గులకరాళ్లు పేరుస్తారట. వాలు ఎంతో చెప్పడానికి ఆయన వేళ్లు చూపించారు: అడుగుకి పావంగుళం. అక్కడి ప్లంబింగ్ నిబంధనల్లో రాసి ఉంటుందట. పావుకి తక్కువ కూడదు, అరకి మించకూడదు. తక్కువైతే నీరు నిలుస్తుంది, ఎక్కువైతే మనిషి నిలవడు.

విని మా ఆవిడ, "మనకీ అలాగే చేయించండి" అంది. నా కష్టకాలానికి అదీ ముహూర్తం.

ముహూర్తం అన్నాను కనక వాస్తు సంగతి కూడా ఇక్కడే కానిచ్చేస్తాను. మా బావమరిది తీసుకొచ్చిన పండితుడు గదిని నాలుగు మూలలా చూసి, నీరు ఈశాన్యానికి పోవాలన్నాడు. మా సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో ఉంది, పంచాయతీ కాలవ పడమర ఉంది. ఆ మాట చెబితే, ముందు గదిలో ఈశాన్యానికి పోయి, ఆ తరవాత గొట్టంలో ఎటైనా తిరగవచ్చన్నాడు. గొట్టంలోకి వెళ్లాక శాస్త్రం వర్తించదట. నేను ఊరుకోలేక మొహెంజోదారో ఎత్తాను. నాలుగు వేల ఏళ్లకి పైబడిన ఆ మహా స్నానవాటిక, 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, ఇటుకని ఇటుకకి ఆనించి జిప్సం గారతో కట్టి, నీరు ఊరకుండా తారు పూసినది. దాని నేల నైరుతి మూలకి వాలి ఉంది, తూము అక్కడే ఉంది. పండితుడు ఒక్క క్షణం ఆలోచించి, "ఇప్పుడు ఉందాండీ ఆ ఊరు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

టైళ్ల దుకాణం గురించి ఎక్కువ రాయను. కొట్టువాడు ఏసీ గదిలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇచ్చి, మా ఆవిడని "అమ్మా" అని, నన్ను "సార్" అని, ఇద్దరం బయటికి వచ్చేసరికి రెండడుగుల బై నాలుగడుగుల పలకలు అంటగట్టాడు. పెద్ద టైలు అయితే సందులు తక్కువ, శుభ్రం చేయడం సులువు అన్నాడు. అదీ నిజమే. చెప్పనిది ఇంకొకటి ఉంది. నాలుగు వైపులనుంచి తూము వైపు నేల దిగాలంటే నేల వంగాలి. పెద్ద పలక వంగదు. దాన్ని మూల నుంచి మూలకి కోసి నాలుగు ముక్కలుగా దింపాలి, లేదా స్నానం చేసే చోట రెండంగుళాల చిన్న బిళ్లలు వేయాలి, లేదా గోడ వారన పొడుగాటి లీనియర్ డ్రెయిన్ పెట్టి నేలనంతా ఒకే వైపు వాల్చాలి. ఈ మూడింట్లో ఒకటి చేస్తే సరిపోయేది. మేము మూడూ చేయలేదు. పాలరాయిలా మెరిసే పలక కొనకుండా గరుకుది కొన్నాం, అదొక్కటే మా పూర్వజన్మ సుకృతం. వాటి వెనక 'మోర్బీ' అని అచ్చు ఉంది. ఆ మోర్బీ ఉన్న గుజరాత్‌లోనే లోథల్ కూడా ఉంది. 1954లో ఎస్.ఆర్. రావు గారు బయటపెట్టిన ప్రాచీన ఊరు. అక్కడ ఒక వరసలో కట్టిన స్నానపు అరుగులు, వాటినుంచి కాలవలోకి దిగే ఇటుక తూములు ఇప్పటికీ కనిపిస్తాయి. టైలు గుజరాత్ నుంచి లారీ ఎక్కి మునగపాక దాకా వచ్చింది. వాటం మాత్రం రాలేదు.

ఇక మేస్త్రి.

ముందే చెబుతున్నాను, మనిషి మంచివాడు. పనిలో దిట్ట. ఊళ్లో హాళ్లకి, వరండాలకి ఆయన వేసిన నేల మీద గోళీ పెడితే కదలదు. అదే నా కొంప ముంచింది. ముప్ఫై ఏళ్లుగా ఆ మనిషి చేతులు ఒకటే పని నేర్చుకున్నాయి, మట్టం. మోకాళ్ల మీద కూర్చుని, పలక వేసి, రబ్బరు సుత్తితో మూల మీద టక్కుమని కొట్టి, రసమట్టం పెట్టి, కన్ను మూసి చూస్తాడు. ఆకుపచ్చ నీళ్లలో ఆ చిన్న బుడగ రెండు గీతల మధ్యకి వచ్చి నిలబడగానే మొహంలో ఒక తృప్తి. ఆ బుడగని పక్కకి జరపమని అడగడానికి వచ్చిన వెధవని నేను. "మేస్త్రీ, ఇక్కడ వాటం కావాలి" అన్నాను. "ఉంతాది బాబూ" అన్నాడు. కొట్టాడు. బుడగ మధ్యకే వచ్చింది. "పక్కకి ఉండాలి కదా" అన్నాను. "కొద్దిగా ఉందండి, మీ కంటికి ఆనదు" అన్నాడు. నిజమే, నా కంటికి ఆనలేదు. నీటికీ ఆనలేదు.

లెక్క నేనే వేసి చెప్పాను. గుమ్మం నుంచి తూముకి ఆరడుగులు. అడుక్కి పావంగుళం చొప్పున అంగుళంన్నర. అంటే గుమ్మం దగ్గర టైలు కన్నా తూము జాలీ అంగుళంన్నర కిందికి ఉండాలి. మేస్త్రి శ్రద్ధగా విన్నాడు. "అంగుళంన్నర ఎక్కడ్నుంచి తెమ్మంతారు బాబూ?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. పాత ఇంట్లో ఆ అంగుళంన్నరా గడప కింద దాక్కుని ఉండేది. గడప తీసేశాక అది నేల తవ్వి తేవాలి. మాది కింది అంతస్తు, అడుగున స్లాబు కూడా లేదు, ఇసుక నింపిన పునాది, తవ్వితే వచ్చేదే. కాని అప్పటికే ప్లంబరు వచ్చి నాని ట్రాప్ ఒక ఎత్తున బిగించి, చుట్టూ కాంక్రీటు పోసి, ఇంకో ఊరు వెళ్లిపోయాడు. ట్రాప్ దిగదు. గుమ్మం పెరగదు. మధ్యలో ఉన్న ఆరడుగుల నేల ఎవరి పక్షం వహించాలో తెలియక మధ్యస్థంగా ఉండిపోయింది.

దానికి తోడు మేస్త్రి ధర్మం ఒకటి ఉంది. నిండు టైలు గుమ్మం దగ్గర మొదలవ్వాలి, కోసిన ముక్కలు లోపలి మూలకి పోవాలి. వచ్చినవాళ్లకి కనిపించేది గుమ్మం కదా. అందుకని మొదటి పలక గుమ్మం దగ్గర, హాలు నేలకి సరిగ్గా మట్టంగా వేశాడు. చివరికి తూము దగ్గరికి వచ్చేసరికి వేలెడు వెడల్పు ముక్కలు మిగిలాయి. వాటిని జాలీ చుట్టూ సర్దేటప్పటికి జాలీ అంచు టైలుకన్నా ఒక నూలు ఎత్తున లేచింది. ప్రాణమున్న నీరెవరైనా ఆ నూలు ఎక్కి లోపలికి పోతుందా? పోదు. అంత ఆత్మగౌరవం దానికి మా ఇంట్లోనే వచ్చింది.

ఇంకొక అభియోగం. మేము కొన్న విట్రిఫైడ్ పలక నీరు తాగదు. అర శాతానికి మించి పీల్చదు. గోడకి వేసే గ్లేజు టైలు పది శాతం పైన పీలుస్తుంది కనక, సిమెంటు పాలు పోసి అతికిస్తే లోపలికి లాక్కుని పట్టుకుంటుంది. విట్రిఫైడ్‌కి ఆ పట్టు దొరకదు. దానికి పాలిమర్ కలిపిన టైల్ గమ్ము కావాలి, వెనకంతా దువ్వెన కరణెతో గీతలు పడేలా పూయాలి. నేను గమ్ము బస్తాలు తెప్పించి ఇచ్చాను. మేస్త్రి వాటిని గౌరవంగా గోడకి ఆనించి, నేలకి మాత్రం సిమెంటు పాలే పోశాడు. "నేల మీద టైలు ఎక్కడికి పారిపోద్ది బాబూ?" అన్నాడు. పారిపోలేదు. కాని కొబ్బరికాయ కొనేవాడు చెవి దగ్గర పెట్టి తట్టినట్టు నేను ఒక్కొక్క పలకా తట్టి చూశాను. మూడో వంతు డొల్ల పలికాయి. ఆ డొల్లలో నీరు చేరుతుంది, చేరి ఉంటుంది, వాసన మొదలవుతుంది. దీనికి మేస్త్రి సమాధానం, "తట్టకండి బాబూ, అదురుద్ది."

ఇప్పుడు నీటి పరీక్ష. ఈ ఘట్టం చరిత్రకెక్కాలి.

టైలు నీటిని ఆపదు. సందుల్లో నింపే గ్రౌటు కూడా ఆపదు. అడుగున పూసే పొరే ఆపుతుంది. అందుకే మూలల్లో సిమెంటుతో గుండ్రంగా పూడ్చి, గోడ మీదికి అడుగెత్తున పైకి తీసి, ఒక పూత ఆరాక దానికి అడ్డంగా ఇంకో పూత వేసి, టైలు వేయకముందే తూము మూసి, గదిలో నీళ్లు నింపి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి చూడాలి. మట్టం తగ్గకపోతే టైలు. తగ్గితే ఎక్కడో లోటు. వియ్యంకుడు గారు డాలస్‌లో చూసింది, చిన్నోడు వీడియోలో చూసింది, పూత డబ్బా మీద రాసి ఉన్నది, ముగ్గురిదీ ఒకటే మాట. మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "నీల్లు నిలబెట్టడానికి ఇదేటి సెరువా బాబూ? ఎల్లిపోవాలని గదా కడతన్నాం!" అన్నాడు. తర్కం బలంగా ఉంది. అయినా పట్టుబట్టి, ట్రాప్ నోట్లో గుడ్డ, ప్లాస్టిక్ కుక్కి, గుమ్మానికి అడ్డు కట్టి, రెండంగుళాలు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాను. తెల్లారి వెళ్లి చూస్తే నీళ్లు లేవు. గీత ఉంది. "ఎండకి ఆవిరైపోనాయి బాబూ" అన్నాడు మేస్త్రి. ఆ గదికి ఉన్నది జానెడు వెంటిలేటరు. దాని అవతల మామిడి చెట్టు నీడ.

దోషం ట్రాప్ మెడ దగ్గర తేలింది. ప్లాస్టిక్ గొట్టానికి సిమెంటు అంటుకోదు, చుట్టూ సన్న సందు వదిలేస్తుంది, నీరు అక్కడినుంచే దిగుతుంది. ఎక్కడ బాత్రూం కారినా ముందు చూడవలసింది అక్కడేనట. దాన్ని చెక్కించి, గుడ్డ పట్టీ పెట్టి, పూత పూయించి, మళ్లీ నింపాం. ఈసారి నిలిచాయి. నేను పొంగిపోయాను. ఆ ఆనందంలో ఒక చిన్న విషయం గమనించలేదు: ఆ నీళ్లు గుమ్మం వైపు లోతుగా, తూము వైపు పల్చగా నిలిచి ఉన్నాయి. ఇంతకన్నా స్పష్టంగా నీరు ఎవరికీ చెప్పలేదు.

టైలు వేశారు. గ్రౌటు నింపారు. అద్దం బిగించారు. మా చిన్నోడు బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో పాలు పొంగించడం ఒక్కటే తక్కువగా ప్రారంభోత్సవం చేయించాడు. షవర్ తిప్పాం. ఆ షవర్ పన్నెండంగుళాల పళ్లెం, వర్షధార అని డబ్బా మీద రాసి ఉంది. దానికి కనీసం ఒక బారు ఒత్తిడి కావాలట. ఒక బారు అంటే పది మీటర్ల ఎత్తున నీరు. మా ట్యాంకు డాబా మీద, షవర్‌కి నిలువెత్తు పైన ఉంది. పావు బారు కూడా రాదు. వర్షం రాలేదు. ఆకు మీంచి రాలినట్టు నాలుగు చుక్కలు. అవే చాలు అనుకున్నాయి కాబోలు, వచ్చినవి వచ్చినట్టు గుమ్మం వైపు నడిచాయి. అద్దం కింది సందులోంచి దూరి, పొడి ప్రాంతం అని మేము ఎంతో గౌరవంగా పిలుచుకుంటున్న భాగాన్ని ఆక్రమించి, హాల్లోని గుడ్డ పట్టాని తడిపాయి. నీటి వాటాల కోసం బచావత్ ట్రిబ్యునల్ వేసి ఏళ్లకేళ్లు విన్నారు. మా ఇంట్లో తడి ప్రాంతం, పొడి ప్రాంతం సరిహద్దు తగాదా అంతకన్నా తేలికేమీ కాదు. కాకపోతే ఇక్కడ ఎగువ రాష్ట్రం, దిగువ రాష్ట్రం ఏదో ఇంకా తేలలేదు.

దీని పర్యవసానంగా మా ఇంట్లోకి రబ్బరు వైపరు వచ్చింది. ఇప్పుడు ఇంటి పెద్ద అదే. స్నానం చేసినవాడు తుడుచుకోకముందే, చలికి వణుకుతూ, నీటిని వెనక్కి తోలాలి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి తూము దాకా నెడితే, సగం వెళ్లి, సగం చేతికింద నుంచి తప్పించుకుని మళ్లీ వస్తుంది. నెట్టిన నీరు జాలీ దాకా వెళ్లి ఆ నూలు ఎత్తు దగ్గర ఆగి తిరిగి చూస్తుంది. స్నానం చేసింది ఒకందుకు, చెమట పట్టేది ఇంకొకందుకు. మోకాళ్ల కోసం గడప తీయించుకున్న మా ఆవిడ వైపరు పట్టుకుని వంగుతోంది. డాక్టరు గారికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే వైపరు కూడా తగ్గించమంటారు.

దోషి ఎవరో తేల్చడానికి అందర్నీ అడిగాను. మేస్త్రి ప్లంబరు పేరు చెప్పాడు. ప్లంబరు ఫోన్లో, టైలు మట్టం తనకి ముందే చెప్పి ఉంటే ట్రాప్ అంత కిందికే పెట్టేవాణ్ని కదా అన్నాడు. నీరు త్వరగా పోవాలంటే ట్రాప్ లోపలి కప్పు తీసేయమని ఉచిత సలహా కూడా ఇచ్చాడు. ఆ కప్పు కింద నిలిచే రెండంగుళాల నీరే గొట్టంలోని దుర్వాసననీ బొద్దింకల్నీ ఆపే తలుపు. తీస్తే నీరు పోతుందో లేదో గాని సెప్టిక్ ట్యాంకు మాత్రం ఇంట్లోకి వస్తుంది. కొట్టువాడు టైలు తప్పేమీ లేదన్నాడు. పూత కంపెనీ మనిషి పూత తప్పేమీ లేదన్నాడు, అది మాత్రం నేనూ ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ నీరు కిందికి ఒక్క చుక్క కూడా ఇంకడం లేదు. పైనే ఉంటోంది. వాస్తు పండితుడికి ఫోన్ చేస్తే, "నీరు ఎటు పోతోంది?" అని అడిగి, గుమ్మం ఆగ్నేయంలో ఉందని గుర్తుచేసుకుని, "అగ్నిమూలకి నీరా! ఎందుకు చేయించారండీ అలా?" అని నన్నే మందలించాడు.

చిన్నోడు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. గుమ్మం దగ్గర సన్నగా ఒక గ్రానైట్ పట్టీ పెడితే నీరు ఆగుతుందట. ఎంత ఎత్తు అన్నాను. "మూడు, నాలుగు అంగుళాలు సరిపోద్ది నాన్నా" అన్నాడు. ఫోన్ మా ఆవిడకి ఇచ్చేశాను. అమ్మకి చెప్పరా, మోకాళ్లు నావి కావు.

చివరికి మొన్న మేస్త్రినే పిలిపించాను. వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లుంగీ ఎగ్గట్టి, గుమ్మం దగ్గర గొంతుకూర్చుని ఆ నీటిని చాలాసేపు చూశాడు. వేలితో కదిపి చూశాడు. రసమట్టం పెట్టాడు. బుడగ మధ్యలో ఉంది. ఆ తృప్తి మళ్లీ మొహంలోకి వచ్చింది. "మట్టం సూడండి బాబూ, ఎక్కడైనా తేడా ఉందేటి?" అన్నాడు. లేదన్నాను. "మరి నీల్లు ఇక్కడికే రావాలనుకుంతన్నాయి. తూము ఇక్కడెట్టేత్తే సరిపోద్ది గదా!" అన్నాడు. హాలు గుమ్మంలో తూమా అన్నాను. కార్పెట్టు కప్పొచ్చన్నాడు. అలా కుదరదు, మొత్తం పీకి ట్రాప్ దింపి మళ్లీ వేయాలి, అప్పటిదాకా బ్యాలెన్సు ఒక్క రూపాయి ఇచ్చేది లేదు, నీరు తూములోకి పోయిన రోజునే డబ్బు అని గట్టిగా చెప్పాను.

మేస్త్రి లేచాడు. బక్కెట్టులోంచి మగ్గు ముంచాడు. వైపరు పక్కకి జరిపి, మూల దాకా నడిచి వెళ్లి, వంగి, మగ్గు మూతి జాలీకి ఆనించి, ఒక్క చుక్క పక్కకి పోకుండా నీళ్లన్నీ కన్నంలోకి వంపాడు. గుడగుడమని దిగిపోయాయి.

"ఎల్లినాయా నేదా బాబూ?" అన్నాడు, చెయ్యి తుడుచుకుని చాపుతూ.